పిస్టన్ చెప్పే సాక్ష్యం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో సర్కారు తుమ్మను చూడని వారుండరు. చెరువు శిఖాలలోనూ, బీడు పడ్డ చెల్కలలోనూ అది దట్టంగా అల్లుకుపోతుంది. ఒకప్పుడు ఈ ముళ్ల చెట్లను గొడ్డలితోనే నరికేవారు. ఇప్పుడు పెట్రోలుతో నడిచే గొలుసు రంపాలు వచ్చాయి. వాటినే చైన్ సా అంటారు.

ఈ రంపం ఒకనాడు పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. తాడు లాగితే కదలదు. "పిస్టన్ పట్టేసింది" అంటాడు మెకానిక్. యజమాని కొత్త పిస్టన్, కొత్త రింగులు వేయించి మళ్లీ పనిలోకి దిగుతాడు. రెండు రోజులు తిరగకముందే మళ్లీ అదే కథ! పిస్టన్‌కు పెట్టిన డబ్బు పోయింది. కూలీల పని దినాలూ పోయాయి.

కొత్త పిస్టన్ ఎందుకు చెడింది? అది నాసిరకందా? కావచ్చు. కాని చాలాసార్లు దోషం పిస్టన్‌లో ఉండదు. దాన్ని చంపిన కారణం ఇంజనులోనే మరోచోట దాక్కొని ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా ఎన్ని పిస్టన్లు మార్చినా లాభం లేదు. మరి ఎలా పట్టుకోవాలి? పాడైన పిస్టన్‌నే అడగాలి. దాని ఒంటిమీది గీతలే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని చదవడం నేర్చుకుందాం.

ఇంజను ఎలా పనిచేస్తుంది?

చైన్ సాలో ఉండేది రెండు ఘాతాల ఇంజను, అంటే టూ స్ట్రోక్ ఇంజను. పొలాల్లో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లలో చాలావాటిలోనూ ఇదే ఉంటుంది. ఇందులో పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేసు ఒక పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోయినప్పుడు క్రాంక్‌కేసులో ఒత్తిడి తగ్గి, కార్బురేటర్ నుంచి గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం నొక్కబడి, పక్క దారుల గుండా సిలిండరులోకి ఎక్కుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1891లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది.

ఇక్కడొక ముఖ్య విషయం ఉంది. మోటారు కారులో ఉన్నట్టు ఈ ఇంజనులో నూనెకు వేరే తొట్టి ఉండదు. పెట్రోలులోనే కందెన నూనె కలుపుతారు. 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె కలపమని తయారీదారు చెబితే, లీటరుకు 20 మిల్లీలీటర్లు పోయాలి. 25కు 1 అంటే 40 మిల్లీలీటర్లు. కాబట్టి పెట్రోలు తక్కువ అందితే నూనె కూడా తక్కువే అందుతుంది. దీన్ని గుర్తుంచుకోండి. మళ్లీ అవసరమవుతుంది.

పిస్టన్ ఎందుకు పట్టేస్తుంది?

పాఠశాలలో లోహపు బంతి, వలయం ప్రయోగం చూసే ఉంటారు. చల్లగా ఉన్నప్పుడు వలయంలో దూరిన బంతి వేడి చేశాక దూరదు. ఇంజనులో జరిగేదీ అదే.

పిస్టన్ అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. వేడి 1 సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే ఆ లోహం ప్రతి మిల్లీమీటరుకు సుమారు 0.00002 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. ఒక లెక్క వేద్దాం. పిస్టన్ వ్యాసం 45 మిల్లీమీటర్లు, చల్లగా ఉన్నప్పుడు దానికీ సిలిండరుకూ ఉన్న తేడా 0.10 మిల్లీమీటరు అనుకోండి. పిస్టన్ వేడి 200 డిగ్రీలు పెరిగితే అది 0.18 మిల్లీమీటరు లావవుతుంది. సిలిండరు కూడా అల్యూమినియందే. కాని దాని రెక్కలకు గాలి తగులుతుంది కాబట్టి అది అంత వేడెక్కదు. దాని వేడి 120 డిగ్రీలు పెరిగిందనుకుంటే దాదాపు 0.11 మిల్లీమీటరు వెడల్పవుతుంది. అంటే సందు 0.07 మాత్రమే తగ్గింది. ఇంకా 0.03 మిగిలింది. పిస్టన్ హాయిగా తిరుగుతుంది.

ఇప్పుడు పిస్టన్ వేడి 200కు బదులు 300 డిగ్రీలు పెరిగిందనుకోండి. అది 0.27 మిల్లీమీటరు లావవుతుంది. సిలిండరు మునుపటంతే ఉంటే సందు 0.16 తగ్గాలి. కాని ఉన్నదే 0.10! ఇక పిస్టన్ సిలిండరు గోడను ఒరుసుకుంటుంది, నూనె పొర చెరిగిపోతుంది, మెత్తని అల్యూమినియం గోడకు అంటుకుపోతుంది. పట్టేయడం అంటే ఇదే.

గీతలు ఎక్కడున్నాయి?

పిస్టన్‌కు రెండు ముఖ్యమైన పక్కలు ఉన్నాయి. ఒకటి చల్లని మిశ్రమం వచ్చే ప్రవేశ ద్వారం పక్క. రెండవది కాలిన వాయువులు పోయే నిర్గమ ద్వారం పక్క. సైలెన్సరు ఉండేది ఈ రెండవ పక్కనే. గీతలు ఏ పక్కన ఉన్నాయో చూస్తే సగం రహస్యం తెలిసిపోతుంది.

నిర్గమ ద్వారం పక్కనే నిలువు గీతలు ఉండి, అవతలి పక్క శుభ్రంగా ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని అనుమానించాలి. పెట్రోలు తగ్గితే చల్లదనమూ తగ్గుతుంది, నూనే తగ్గుతుంది. ఎక్కువ వేడెక్కే పక్కే ముందు దెబ్బతింటుంది.

చుట్టూ అన్ని పక్కలా గీతలుండి, లోపలి బేరింగులు కూడా పొడిగా, వేడికి నీలం తిరిగి ఉంటే నూనె కలపడం మరిచారన్నమాట.

నాలుగు చోట్ల విడివిడిగా సన్నని గీతలు కనిపిస్తే, ఇంజను వేడెక్కకముందే పూర్తి వేగంతో నడిపి ఉంటారు. పిస్టన్ త్వరగా లావయింది, సిలిండరు వెనకబడింది. కొత్త పిస్టన్ వేసిన రోజున ఈ తొందర మరీ ప్రమాదం.

ప్రవేశ ద్వారం పక్కన మెరుపు పోయి, బూడిద రంగులో గరుకుగా అరిగితే దోషి దుమ్ము. మన చెల్క నేలలు గ్రానైటు రాయి చితికి ఏర్పడ్డవి. ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్‌ది 7వ స్థానం. అల్యూమినియం 3కు లోపే. చిరిగిన గాలి ఫిల్టరుతో చెల్కలో రంపం నడపడమంటే పిస్టన్‌ను గరుకు కాగితంతో రుద్దడమే.

పిన్ను చివర దగ్గర లోతైన గాడి పడితే, పిన్నును పట్టి ఉంచే సన్నని తీగ క్లిప్పు ఊడి తిరిగిందని అర్థం. బిగించేటప్పుడు అది గాడిలో సరిగా కూర్చోలేదు. లేదా వంగిన పాత క్లిప్పునే మళ్లీ వేశారు.

రెండోసారి ఎందుకు పట్టేసింది?

మొదటి పిస్టన్ మీద నిర్గమ ద్వారం పక్కనే గీతలున్నాయి, రెండోదాని మీదా అక్కడే ఉన్నాయి. నూనె సరిగానే కలిపారు. కార్బురేటర్ శుభ్రంగా ఉంది. అయినా పెట్రోలు ఎందుకు తక్కువైంది? నిజానికి తగ్గింది పెట్రోలు కాదు, పెరిగింది గాలి! క్రాంక్‌కేసు పంపులా పనిచేస్తుందని చెప్పుకున్నాం కదా. క్రాంకు ఇరుసుకు రెండు వైపులా రబ్బరు సీళ్లు ఉంటాయి. సిలిండరు కింద గాస్కెట్టు ఉంటుంది. వీటిలో ఒకటి గట్టిపడినా, చిరిగినా బయటి గాలి దొంగదారిన లోపలికి వస్తుంది. ఆ గాలిలో పెట్రోలూ లేదు, నూనే లేదు.

దీనికి ముందస్తు గుర్తు ఒకటుంది. యాక్సిలేటర్ వదిలాక కూడా ఇంజను వేగం వెంటనే దిగదు. "మంచి జోరుమీదుంది" అని సంతోషిస్తే అదే చివరి జోరు కావచ్చు.

కొందరు భయపడి నూనె రెట్టింపు పోస్తారు. ఇది మందు కాదు. లీటరు మిశ్రమంలో నూనె పెరిగితే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. పైగా మసి పేరుకుంటుంది. గాలి కారే రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది.

సరైన పరీక్ష సైకిలు షాపులో మీరు రోజూ చూసేదే. పంక్చరు వేసేవాడు ట్యూబులో గాలి నింపి నీటిలో ముంచుతాడు. బుడగలు వచ్చిన చోటే రంధ్రం. మెకానిక్ కూడా ఇంజను ద్వారాలు మూసి, చిన్న చేతి పంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించి, సీళ్ల మీద, అతుకుల మీద సబ్బు నీరు రాస్తాడు. బుడగ లేచిన చోట దొంగ దొరికినట్టే. తరువాత గాలిని బయటికి లాగి కూడా పరీక్షించాలి. కొన్ని సీళ్లు లోపలి ఒత్తిడికి నిలుస్తాయి గాని, బయటి నుంచి వచ్చే గాలిని ఆపలేవు. పిస్టన్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేస్తే డబ్బు మిగులుతుంది. మొదటి పిస్టన్ రాల్చిన అల్యూమినియం రజను క్రాంక్‌కేసులో మిగలకుండా కడగడమూ అంతే ముఖ్యం.

మీరే చెప్పండి

మీ ఊళ్లో మెకానిక్ షాపు ఉంటే, పారేసిన పాత పిస్టన్ ఒకటి అడిగి తెచ్చుకోండి. వెలుతురులో తిప్పి చూసి గీతల బొమ్మ గీయండి. నడుస్తున్న రంపం దగ్గరికి మాత్రం పోకండి.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఒక స్ప్రేయరు పిస్టన్‌కు నిర్గమ ద్వారం పక్క శుభ్రంగా ఉంది. ప్రవేశ ద్వారం పక్క గరుకుగా, బూడిద రంగులో అరిగిపోయింది. యజమాని, "నూనె తక్కువైంది, ఈసారి ఎక్కువ పోస్తాను" అంటున్నాడు. మీరైతే ఆయనకు ముందుగా ఏ భాగం విప్పి చూడమంటారు? ఎందుకు?