పరిశ్రమ స్థాపనకు తొలి పాఠం

1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమైన పిమ్మట సాక్చీ గ్రామ ప్రాంతంలో వెలసిన నగరం, నేటి ఝార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్. జీవనోపాధికై అక్కడికి తరలిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. కర్మాగారంలో కొలువే జీవితానికి భద్రత అన్న భావన అట్టి నగరంలో బలపడటం సహజం. అయినా ఖర్కాయి నదికి ఆవలనున్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ మరొక మార్గాన్ని చూపుతున్నది. అక్కడి చిన్న పరిశ్రమలు పెక్కు పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు తయారుచేసి అందిస్తాయి.

ఇట్టి పరిశ్రమను స్థాపించే నేర్పు పుట్టుకతో రావలసినదేనా? కాదని కాకినాడ ప్రయోగం తెలిపింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ పద్ధతి ననుసరించి, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కాకినాడ వ్యాపారులకు స్వల్పకాలిక శిక్షణ ప్రారంభించింది. శిక్షణ పొందినవారు తక్కినవారికంటె అధికంగా కొత్త ప్రయత్నాలకు పూనుకొన్నట్లు తరువాతి పరిశీలనలో వెల్లడైంది.

మెక్లెలాండ్ వాడిన ఒక ఆటలో మేకుకు వలయం వేయాలి. ఎంత దూరం నుంచి వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. సాధించాలన్న తపన గలవారు మరీ దగ్గరగా నిలువరు, మరీ దూరానికీ పోరు. శ్రమిస్తే అందగల దూరాన్నే ఎన్నుకొంటారు.

ఆదిత్యపూర్‌లో పరిశ్రమ పెట్టదలచిన విద్యార్థికి ఈ దూరాన్ని కొలవటమే తొలి పాఠం. సరుకు కొనేదెవరు? ఆ ఒక్కరి గిరాకీ తగ్గితే కొనే రెండవవారెవరు? బిల్లు సొమ్ము చేతికందే వరకు కార్మికులకు జీతాలు, బ్యాంకుకు వాయిదాలు ఎట్లా చెల్లించాలి? వాహనాల అమ్మకాలు మందగించిన కాలంలో ఒకే కొనుగోలుదారును నమ్ముకొన్న పరిశ్రమ నిలదొక్కుకోవడం కష్టం. ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానం వ్రాసుకొన్న పిమ్మటే అప్పు పత్రంపై సంతకం చేయాలి.