సైక్లిన్ అతుక్కుంటేనే సీడీకే చురుకు

కణ విభజనను నడిపే ఎంజైమ్‌లలో ముఖ్యమైనవి సీడీకేలు (సైక్లిన్-ఆధారిత కైనేజ్‌లు). సీడీకే2 ఒంటరిగా ఉంటే దాదాపు నిష్క్రియం. దానిలోని టీ-లూప్ అనే భాగం, మార్చాల్సిన ప్రోటీన్ వచ్చి చేరే చోటికి అడ్డంగా పడి ఉంటుంది. చర్యకు అవసరమైన 51వ స్థానపు గ్లుటామిక్ ఆమ్లం పక్కకు తిరిగి ఉంటుంది. సైక్లిన్-ఎ అనే ప్రోటీన్ అతుక్కోగానే ఒక హెలిక్స్ లోపలికి జరిగి ఆ ఆమ్లాన్ని సరైన చోట నిలుపుతుంది, టీ-లూప్ తప్పుకుంటుంది. ఆపై 160వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ చేరితేనే పూర్తి చురుకు వస్తుంది. ఈ సీడీకే2, సైక్లిన్-ఎ జంట స్ఫటిక నిర్మాణం 1995లో వెల్లడైంది. ఆకారం మారేది సీడీకేది. సైక్లిన్ దాదాపు అలాగే ఉంటుంది. పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

పీ27 అనే నిరోధక ప్రోటీన్ ఈ జంట రెండింటినీ పట్టుకుని, ఫాస్ఫేట్‌ను అందించే ఏటీపీ చేరాల్సిన చోట తానే దూరిపోతుంది. అంతే, పని బంద్. రొమ్ము క్యాన్సర్ మందు పాల్బోసిక్లిబ్ కూడా సీడీకే4, 6లలో ఏటీపీ స్థానాన్నే ఆక్రమిస్తుంది.

కణ విభజనను నియంత్రించే ఈ అణువులపై పరిశోధనకే 2001 వైద్య నోబెల్ లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు దక్కింది. సముద్రపు అర్చిన్ గుడ్లలో సైక్లిన్‌ను కనుగొన్నది హంట్. హార్ట్‌వెల్, నర్స్‌లు ఈస్ట్‌పై పనిచేశారు. జతపరచండి ప్రశ్నకు ఈ మూడు పేర్లూ సిద్ధంగా ఉంచుకోండి.