సూచికకు ప్రతి

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరులో నిక్షిప్తమైన తెలుగు సమాచారాన్ని వెదకడానికి ఆధారమైన సూచిక స్వభావాన్ని, దానికి ప్రతి తీసి వేరొక చోటికి తరలించే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

తాళపత్రాలకు చెదలు, తేమ, అగ్ని ప్రబల శత్రువులు. ఆకు శిథిలం కాకముందే మరొక ఆకుపై ఎత్తి వ్రాయడమే గ్రంథాన్ని బ్రతికించే మార్గం. సి.పి. బ్రౌన్ (1798–1884) పండితులను నియమించి తెలుగు కావ్యాలకు ప్రతులు వ్రాయించాడు. ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, వాటిని పోల్చి చూపించి, పాఠాన్ని పరిష్కరింపజేశాడు. ప్రతి తీయడం ఒక పని. దానిని సరిచూడడం మరొక పని. నేటి కంప్యూటరు యుగంలోనూ ఈ రెండు పనులూ తప్పలేదు.

రాజమహేంద్రవరం నుండి రంపచోడవరం మీదుగా చింతూరు వెళ్ళే దారిలో, తూర్పు కనుమల నడుమ మారేడుమిల్లి ఉన్నది. ఈ కొండలు కొండరెడ్ల నివాసభూమి. వారి జీవనాన్ని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలించి 1945లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఇప్పుడు అక్కడి విద్యార్థులు కొందరు తమ తాతలు, అవ్వలు చెప్పిన చెట్ల పేర్లను, పాటలను, వైద్యపు తెలివిడిని కంప్యూటరులో ఎక్కించారని ఊహిద్దాం. వేలకొద్దీ పుటలు చేరిన పిమ్మట ఒక మాట ఎక్కడ ఉన్నదో తెలిసేది ఎట్లు?

అందుకు సూచిక కావాలి. పుస్తకం చివర ఏ పదం ఏ పుటలో ఉన్నదో తెలిపే పట్టిక వంటిదే ఇది. 1999లో డగ్ కటింగ్ రూపొందించిన లూసీన్, దానిపై ఆధారపడి 2010లో వెలువడిన ఎలాస్టిక్‌సెర్చ్ ఇట్టి సూచికలను నిర్మిస్తాయి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలోని వెదకులాటకు కూడా ఇట్టి సూచికయే ఆధారం. దానిని ఎవరైనా తమ యంత్రంలో నింపుకొనేలా వికీమీడియా సంస్థ ఫైళ్ళ రూపంలో విడుదల చేసింది.

అయితే తెలుగు పదం విభక్తి చేరినప్పుడు రూపం మారుస్తుంది. ‘చెట్టు’ బహువచనంలో ‘చెట్లు’ అవుతుంది. ‘చెట్లకు’, ‘చెట్లలో’ అని సాగుతుంది. ఈ రూపాలన్నీ ఒకే పదానివని యంత్రానికి తెలిపే నియమాలనే విశ్లేషణ నియమాలంటారు. లూసీన్‌లో తెలుగుకు ప్రత్యేకమైన విశ్లేషకం ఉన్నది.

కాబట్టి సూచికలో మూడు భాగాలు ఉంటాయి: విశ్లేషణ నియమాలు, ఏ గడిలో ఏ రకపు సమాచారం ఉండాలో తెలిపే నిర్మాణ పటం, అసలు సమాచారం. ఎలాస్టిక్‌డంప్ అనే ఉపకరణం వీటిని ఒక్కొక్కటిగా తరలిస్తుంది. కమాండ్ లైనులో ఆ ఉపకరణం పేరు, ఎక్కడి నుండి, ఎక్కడికి, ఏ భాగం అని వరుసగా టైపు చేయాలి. మొదట నియమాలు, పిదప పటం, చివర సమాచారం: ఇదే క్రమం. సమాచారాన్ని ముందుగా నింపితే యంత్రం పటాన్ని తానే ఊహించుకొంటుంది. ఒకసారి ఏర్పడిన గడి స్వభావాన్ని తరువాత మార్చడం కుదరదు. క్రొత్త సూచికను నిర్మించి తిరిగి నింపవలసిందే. నియమాలు వెంటరాని సూచికలో పుటలన్నీ భద్రంగానే ఉంటాయి. కాని ‘చెట్టు’ అని అడిగితే ‘చెట్లకు’ అన్న పుట పలుకదు.

యంత్రం పనిచేస్తుండగా దాని ఫోల్డరును నకలు చేస్తే అది నమ్మదగిన ప్రతి కాదు. నిత్యరక్షణకు ఎలాస్టిక్‌సెర్చ్‌లోనే స్నాప్‌షాట్ అనే ఏర్పాటు ఉన్నది. అయితే స్నాప్‌షాట్‌ను చాలా ముందుతరపు సంచికలలో తిరిగి తెరవడం సాధారణంగా సాధ్యపడదు. అట్టి తరలింపులకు పాఠ్యరూపంలోని ఫైళ్ళు అక్కరకు వస్తాయి. మీటలు నొక్కే పద్ధతి కంటె ఆజ్ఞను వ్రాసే పద్ధతిలో ఒక మేలున్నది. ఆ వాక్యాన్ని దాచుకోవచ్చు. రేపు అదే పనిని తప్పు లేకుండా మళ్ళీ చేయించవచ్చు. మన తరువాత వచ్చేవారు దానిని చదివి మనం చేసినదేమిటో గ్రహించవచ్చు.

తరలింపు ముగిసినదని తెర చెప్పినంత మాత్రాన పని ముగియలేదు. రెండు చోట్లా పుటల సంఖ్యను లెక్కించాలి. తెలిసిన పదాలు కొన్నింటిని పలు రూపాలలో వెదకి చూడాలి. ప్రతిని వేరొక యంత్రంలో తెరచి పరీక్షించాలి. ఒక ప్రతిని మారేడుమిల్లిలో, మరొక ప్రతిని దూరంగా రాజమహేంద్రవరంలో ఉంచితే ఒకచోటి ఆపద రెండవదానికి సోకదు. ఇవన్నీ జరిగిన తరువాతనే పాతదానిని తొలగించాలి.

పుస్తకం పోతే అంగడిలో మరొకటి దొరకవచ్చు. ఒక అవ్వ చెప్పిన చెట్టు పేరు పోతే, ఆమె లేనినాడు అడగడానికి మరొకరు లేకపోవచ్చు. తెరచి చూడని ప్రతి ఉన్నా లేనట్టే.

పదవిజ్ఞానం

నిక్షిప్తం – దాచబడినది
ప్రతి – నకలు
శిథిలం – పాడైపోయినది
తెలివిడి – జ్ఞానం

ప్రశ్నలు

1. సూచికలోని మూడు భాగాలను ఏ క్రమంలో తరలించాలి? ఎందుకు?
2. తెలుగు పదాల వెదకులాటకు విశ్లేషణ నియమాలు ఎందుకు అవసరమో సోదాహరణంగా వివరించండి.
3. బ్రౌన్ కృషికి, నేటి సూచిక రక్షణకు గల పోలికను తెలపండి.