మన గోండ్‌పిప్రి: అంగడి, ఆటపాటలు, చరిత్ర



ఢిల్లీలోని ఎఱ్ఱకోటను ఎవరు కట్టించిరని అడిగినచో మీలో పలువురు చేతులెత్తుదురు. మన ఊరికి గోండ్‌పిప్రి అను పేరు ఏల వచ్చెనని అడిగినచో తరగతి అంతయు మౌనము వహించును. ఇది మీ దోషము కాదు. మీకు చెప్పవలసిన పెద్దలమైన మేము చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైన తీర్చుకొనుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

దీనికి వేరొక కారణము కూడ కలదు. కొన్ని నెలల క్రిందట మాలో ఒకరు అంగడిలో బెల్లము కొనగా దుకాణదారుడు దానిని పాత కాగితములో పొట్లము కట్టి ఇచ్చెను. ఇంటికి వచ్చి విప్పి చూడగా అది ఒక పద్దుల పుస్తకములోని పుట. ఎడమవైపున ఉప్పు, చింతపండు, పొగాకు, గ్యాసునూనె అని తెలుగులో సరకుల పేర్లు. కుడివైపున తెలుగు అంకెలలో రూపాయలు, అణాలు. మన దేశమున దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినవి. కావున ఆ పుట ఆ కాలమునకు పూర్వపుదిగాని, దాని దరిదాపులదిగాని కావలెనని గ్రహించితిమి. మరునాడు వెళ్లి విచారింపగా మిగిలిన పుస్తకమంతయు అప్పటికే పొట్లములుగా వెళ్లిపోయినది. "మా తాత రాసిండు సార్. మాకు తెలుగు చదువరాదు. పెట్టుకొని ఏం జేస్తం?" అని ఆ యువకుడు మర్యాదగానే అనెను. అతనిని నిందించుటకు మాకు నోరు రాలేదు. చదువ నేర్పనివారము మనమే కదా!

ఊరి చరిత్ర కోటలలోను, తామ్రశాసనములలోను మాత్రమే ఉండదు. దుకాణపు పద్దులో, చెరువు గట్టులో, రాత్రి నాటకములో, ఊరి పేరులో కూడ ఉండును. వానిని చదువుట ఎట్లో ఈ పాఠమున చూతము.

1. ఊరి పేరు

గోండ్‌పిప్రి అను పేరున రెండు మాటలున్నవి. మరాఠీలో రావిచెట్టును పింపళ్ అందురు. పింప్రి, పిప్రి అను ఊరి పేర్లు ఆ చెట్టును బట్టి ఏర్పడినవి. తెలుగునాట రావిపాడు అను పేరు ఎట్టిదో ఇదియు అట్టిదే. మహారాష్ట్రమున పిప్రి అను పేరుగల గ్రామములు అనేకములు. మన పిప్రిని వాని నుండి వేరుపరచునది 'గోండ్' అను మాట.

ఈ మాట మనకు పరాయిది కాదు. గోండీ భాష ద్రావిడ భాషలలోనిది. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును, గోండీని, కువిని దక్షిణమధ్య ద్రావిడమను ఒకే శాఖలో చేర్చుచున్నారు. మనము రెండు, మూడు, నాలుగు అందుము. గోండులు రండ్, ముండ్, నాలుంగ్ అందురు. మన కన్ను వారికి కన్. మన కాలు వారికి కాల్. మీ తరగతిలోని గోండు బాలుని భాష మన భాషకు తోబుట్టువని దీనివలన తెలియుచున్నది. అతని భాషను ఎగతాళి చేయువాడు తన పినతల్లినే ఎగతాళి చేసినట్లు.

2. రాజులు, సరిహద్దులు

ఈ ప్రాంతమును చిరకాలము చాందా గోండురాజులు ఏలిరి. బల్లార్‌పూర్‌లో వర్ధా నది ఒడ్డున ఉన్న కోటయు, చంద్రపూర్ చుట్టునున్న ప్రాకారమును వారి కాలపువి. 1751లో ఆ వంశము అధికారము కోల్పోగా రాజ్యము నాగపురపు భోంసలేల వశమయ్యెను. 1853లో భోంసలే రాజు పుత్రసంతానము లేక మరణించుటతో ఆంగ్లేయులు రాజ్యమును కలుపుకొనిరి.

1858లో మొలంపల్లి జమీందారైన బాబూరావు శెడ్మాకే గోండులను కూడగట్టి వారిపై తిరుగుబాటు చేసెను. ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన చాందాలో అతనిని ఉరితీసిరి. 'మొలంపల్లి' అను పేరును గమనింపుడు. పల్లి అను మాటతో ముగియు ఊళ్లు ఈ జిల్లాలో ఎంత దూరమువరకు కానవచ్చునో పటము చూచి గుర్తించుట మీకు మంచి అభ్యాసము.

పిమ్మట సరిహద్దులు పలుమారులు మారినవి. గోదావరి తీరపు తాలూకాలలో భద్రాచలము, రేకపల్లి 1874లో మద్రాసు రాజధానికి చేరగా, సిరొంచ మధ్యపరగణాలలోనే నిలిచిపోయెను. 1956 నవంబరు 1వ తేదీన చాందా జిల్లా మధ్యప్రదేశము నుండి బొంబాయి రాష్ట్రమునకు వచ్చెను. ఆనాడే హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోని రాజురా తాలూకా నాందేడు జిల్లాలో చేరి, 1959లో చాందా జిల్లాకు మారెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్ర రాష్ట్రము ఏర్పడెను. చాందా జిల్లాకు తరువాత చంద్రపూర్ అను పేరు స్థిరపడెను. 1982లో తూర్పు భాగము గడ్చిరోలి జిల్లాగా విడివడెను.

రాజురాలో ఒకే ఇంట నివసించిన ముసలమ్మ నాలుగేండ్ల కాలములో మూడు రాష్ట్రముల పౌరురాలయ్యెను. ఆమె ఇల్లు కదలలేదు. ఇంటిలో మాట మారలేదు. "మీరు ఇక్కడికి ఎప్పుడు వలస వచ్చితిరి?" అని ఎవరైన అడిగినచో ఈ చరిత్రను శాంతముగా చెప్పుడు. కొందరు గనుల పనికిని, మిల్లు పనికిని వచ్చినమాట నిజమే. కొందరు మాత్రము ఎక్కడనుండియు రాలేదు.

3. నీరు, అడవి, జీవనోపాధి

మన తాలూకాకు ఒక దిక్కున వైనగంగ, మరియొక దిక్కున వర్ధా ప్రవహించుచున్నవి. ఈ రెండు నదులు తెలంగాణములోని తుమ్మిడిహెట్టి వద్ద కలిసి ప్రాణహిత అగును. ప్రాణహిత కాళేశ్వరము వద్ద గోదావరిలో కలియును.

నదులున్నను తూర్పు ప్రాంతపు వరిచేలకు చిరకాలము ఆధారమైనవి చెరువులే. చెరువు త్రవ్వించినవానికి దాని క్రింద సాగగు భూమిని గోండురాజులు ఇచ్చెడివారని ప్రతీతి. తరువాతి కాలమున మాల్గుజారులు చెరువులను పోషించిరి. 1951 మార్చి 31వ తేదీన మాల్గుజారీ రద్దయిన పిమ్మట అవి ప్రభుత్వపరమయ్యెను. నేటికిని ప్రజలు వానిని 'మామా తలావ్' అందురు. ఇది మేనమామను గూర్చిన మాట కాదు. 'మాజీ మాల్గుజారీ' అనుదాని పొడి అక్షరముల కూర్పు. చెరువు పూడినచో వరి తగ్గును. వరి తగ్గినచో గిర్ని ఆగును. గిర్ని ఆగినచో బజారు చిన్నబోవును. దుకాణపు కథ చెరువు గట్టున మొదలగునని దీనివలన తెలిసికొనవలెను.

అడవి రెండవ ఆధారము. ఎండకాలమున తునికాకు, ఇప్పపువ్వు. తక్కిన కాలమున వెదురు, కలప. 1945లో స్థాపితమైన సంస్థ బల్లార్‌పూర్‌లో నెలకొల్పిన కాగితపు మిల్లునకు ఈ అడవుల వెదురే ముడిసరకు అయ్యెను. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియై ఢిల్లీ, మద్రాసు నగరములు సూటిగా కలిసిన పిమ్మట కలప, బొగ్గు దూరదేశములకు పోసాగెను. ఆ మార్గమునే తెలుగు కూలీలును, కొలువుకాండ్రును వచ్చిరి.

తునికాకు వ్యాపారము 1969 చట్టముతో ప్రభుత్వపు అదుపులోనికి వచ్చెను. 2006 అటవీహక్కుల చట్టము గ్రామసభలకు కొంత అధికారమిచ్చెను. పొరుగున గడ్చిరోలి జిల్లాలోని మేంఢా-లేఖా గ్రామము 2011లో తన వెదురును తానే అమ్ముకొను హక్కును సాధించెను. మన చెంతనున్న కన్హర్‌గావ్ అడవిని 2021లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము ఇంచుమించు 269 చదరపు కిలోమీటర్లు. పులి బ్రదుకవలెను, ఆకు కోసి బ్రదుకు తల్లియు బ్రదుకవలెను. ఈ రెండును పొసగు మార్గమును వెదకుట రేపు మీ తరము చేయవలసిన పని.

4. అంగడి చెప్పు కథ

ఇపుడు బజారులోనికి పోదము. కిరాణా కొట్లు, బట్టల దుకాణములు, విత్తనములు, ఎరువులు అమ్ము కృషి కేంద్రములు, దర్జీ కొట్లు, చాయ్ హోటళ్లు, పాన్ ఠేలాలు, మోటారు సైకిళ్లు బాగుచేయు కొట్లు, సెల్‌ఫోను దుకాణములు కానవచ్చును. అద్దె సైకిళ్ల కొట్లు మీ తండ్రుల జ్ఞాపకములో మాత్రమే మిగిలినవి.

ఈ బజారులో మీరు వినెడి మాటలను విడదీసి చూడుడు. కిరాణా, ఖాతా, బాకీ అనునవి తెలుగువారును మరాఠీవారును సమానముగా వాడు మాటలు. మనము ఉద్దెర అన్నదానిని వారు ఉధార్ అందురు. బియ్యము పట్టించు యంత్రమును తెలంగాణపు తెలుగువారు గిర్ని అందురు. మరాఠీలోను అది గిరణియే. కోస్తా ప్రాంతపు తెలుగువానికి గిర్ని అనిన వెంటనే తెలియదు, మనకు చెప్పనక్కరలేదు. మన తెలుగు తప్పు తెలుగని ఎవరైన అన్నచో కించపడకుడు. ఇరుగుపొరుగు భాషలు శతాబ్దములు ఒకే తక్కెడను వాడుకొన్న గుర్తు అది.

ఉద్దెర పద్ధతియు గమనింపదగినది. విత్తునాటి అప్పు కోతనాడు తీరును. వాన తప్పినచో రైతుతోపాటు దుకాణదారుడును నష్టపడును. పద్దుల పుస్తకము భద్రముగా నున్నచో ఏయే ఏండ్ల బాకీలు పెరిగెనో చూచి కఱవు ఎప్పుడు వచ్చెనో చెప్పవచ్చును. ఏ సరకు ఎప్పుడు ఊరికి క్రొత్తగా వచ్చెనో, ఏ ధాన్యము తినుట మానితిమో అందులో ఉండును. మా చేజారిన పుస్తకములో ఇట్టివి ఎన్ని ఉండెనో!

5. వినోదములు

మన ప్రాంతమును మరాఠీలో ఝాడీపట్టీ అందురు. చెట్లతో నిండిన సీమ అని అర్థము. ఇక్కడి నాటకములకు ఝాడీపట్టీ రంగభూమి అను ప్రఖ్యాతి గలదు. దీపావళి గడచి పంట ఇంటికి చేరువేళ ఇవి మొదలై హోళీ వరకు సాగును. గడ్చిరోలి జిల్లాలోని వడసా ఈ నాటక సమాజములకు ముఖ్యస్థానము. ఆట రాత్రి మొదలై తెల్లవారువరకు జరుగును. నాటకమున్న ఊరికి బంధువులు వచ్చెదరు; పెండ్లి సంబంధములును అచటనే మాటలాడుకొందురు. తాత్కాలికముగా వెలయు దుకాణములకు ఆ రాత్రి మంచి బేరము. వినోదము, వ్యాపారము ఒకే పందిరి క్రిందనున్నవని గ్రహింపుడు.

పగటివేళ ఎడ్లజతల పరుగుపందెము శంకర్‌పట్ జరుగుట ఆచారము. 2014లో సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి పందెములను నిషేధించెను. మహారాష్ట్రము చేసిన చట్టసవరణ చెల్లునని 2023 మే 18వ తేదీన తీర్పు చెప్పెను. ఆట ఆడవచ్చును, మూగజీవిని హింసింపరాదు.

శ్రావణ అమావాస్యనాడు మరాఠీవారు పోళా జరుపుదురు. ఎద్దులను కడిగి, అలంకరించి పూజింతురు. ఆనాడే మన ఇండ్లలో పొలాల అమావాస్య. మరునాడు విదర్భ పిల్లలు కొయ్య ఎద్దులతో తాన్హా పోళా ఆడుదురు. మన పిల్లలును ఆడుదురు. ఝాడీపట్టీలో దండార్ ఒక జానపద నాటకరూపము. ఆదిలాబాదు గోండులలో దండారి దీపావళినాటి నృత్యోత్సవము. పేరు ఒకటే, రూపములు వేరు.

మన తాలూకాలోని ధాబా గ్రామమున సంత్ కొండయ్య మహారాజు దేవస్థానమున్నది. అచటి యాత్రకు మరాఠీవారును, తెలుగువారును వత్తురు. కొండయ్య అను తెలుగు పేరునకు మహారాజ్ అను మరాఠీ గౌరవపదము చేరినది. ఈ సీమ స్వభావమును తెలుపుటకు ఆ పేరొకటి చాలును.

6. మనము చేయవలసినది

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని మన రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఈ అధికరణము 1956లో చేర్పబడినది. హక్కు కాగితముపై ఉన్నను దానిని నిలుపవలసినది ఇల్లు. మరాఠీని చక్కగా నేర్వుడు. అది మన రాష్ట్రభాష, మన బజారు భాష. తెలుగును విడువకుడు, అది మీ తాత పద్దు వ్రాసిన భాష. ఒకటి నేర్చుటకు మరియొకటి మరువనక్కరలేదు. మన ఊరి దుకాణదారులు నాటినుండియు రెండింటను లెక్క తప్పక చెప్పుచునే ఉన్నారు.

పొట్లపు కాగితముగా వచ్చిన ఆ పుటను మేము శుభ్రపరచి భద్రపరచితిమి. దానికి తోడు కావలసిన పుటలు మీ ఇండ్లలోని పెట్టెలలో ఉండవచ్చును. పాత కాగితములవానికి తూచి ఇచ్చుటకు ముందు ఒకమారు మాకు చూపుడు.

అభ్యాసము

1. తెలుగు అంకెలను ౧ నుండి ౧౦౦ వరకు వ్రాయుడు.

2. మీ ఇంటిలోని పెద్దలను అడిగి, మీ కుటుంబము ఈ ఊరిలో ఎన్ని తరములుగా ఉన్నదో, ఏ వృత్తి చేసెనో పది వాక్యములలో వ్రాయుడు.

3. బజారులోని ఒక దుకాణదారుని అనుమతితో కలిసికొని, ఆ దుకాణము ఎప్పుడు మొదలాయెనో, నాడు ఏమి అమ్మిరో, నేడు ఏమి అమ్ముచున్నారో తెలిసికొనుడు.

4. తెలుగు, మరాఠీ, గోండీ భాషలలో ఒకే విధముగా వినబడు మాటలు ఇరువది సేకరింపుడు.

5. మీకు దగ్గరనున్న చెరువు పటమును గీసి, దాని క్రింద ఎవరి పొలములు సాగగుచున్నవో గుర్తింపుడు.

6. మీ అమ్మమ్మగాని, నాయనమ్మగాని చూచిన నాటకమును గూర్చి ఆమె మాటలలోనే వ్రాసి తెండు. మంచివానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.