పోటీ పరీక్షల ప్రత్యేకం: స్వచ్ఛంద సంస్థలు - పాలన, నైతికత

మన దేశంలో లాభాపేక్ష లేని సంస్థ ప్రధానంగా మూడు రూపాల్లో ఉంటుంది: సొసైటీ, ట్రస్టు, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద కంపెనీ. సొసైటీలకు 1860 నాటి కేంద్ర చట్టం ఉన్నా, తెలుగు రాష్ట్రాల్లో 2001 చట్టం అమల్లో ఉంది. 1882 ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకే. ధార్మిక ట్రస్టులకు వర్తించదు. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

నైతికత పేపర్లో దొంగలెక్కల కన్నా చిక్కైనది ప్రయోజనాల వైరుధ్యం. కార్యదర్శి తన సొంత భవనాన్నే సంస్థకు అద్దెకిచ్చాడనుకోండి. అద్దె న్యాయమైనదే కావచ్చు. అయినా ఆ సంగతి కమిటీకి ముందే చెప్పాలి, తీర్మానం వేళ తాను పక్కకు తప్పుకోవాలి, అదంతా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. జవాబులో ఈ మూడూ రాస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

విదేశీ విరాళాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. 2020 సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది. అందిన సొమ్మును మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించింది. విరాళం ముందుగా న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలంది. నోయెల్ హార్పర్ కేసులో (2022) సుప్రీంకోర్టు చివరి రెండు మార్పులను సమర్థించింది. దుర్వినియోగానికి కళ్లెం వేయాల్సిందే గానీ, పెద్ద సంస్థల ద్వారా పల్లెల్లోని చిన్న సంస్థలకు అందే నిధులకు గండి పడిందన్న విమర్శలో పస ఉంది.

ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుకునే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి (డీఏవీ కాలేజీ ట్రస్టు కేసు, 2019).

సెక్షన్ 8 కంపెనీ లాభం ఆర్జించవచ్చు, సభ్యులకు డివిడెండ్ పంచకూడదు. ‘లాభం రాకూడదు’ అన్న ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి.