పాత పీఎస్4 విప్పాక తెలిసిన సంగతులు

మా ఇంటి గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) 2014లో కొన్నది. మా అబ్బాయి ఆడి వదిలేశాడు, ఇప్పుడు మనవడు పట్టుకున్నాడు. గేమ్ తెరుచుకునేలోపు వాడు వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగొచ్చేవాడు. కొత్తది కొనమన్నారంతా. నేను ఒప్పుకోలేదు, లోపలి డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేశాను.

1. జబ్బెక్కడుందో ముందు చూడండి. లోపలున్నది ల్యాప్‌టాప్‌లలో వాడే హార్డ్‌డిస్కే. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ కదులుతూ డేటా ఏరుకొస్తుంది. బ్లూరే పెట్టి ఆడినా గేమ్ ముందు ఇందులోకి ఎక్కాల్సిందే. చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, వెతుకులాటా లేదు.

2. తగ్గేది ఎదురుచూపే. ‘బ్లడ్‌బోర్న్’ సెకనుకు 30 ఫ్రేములతో నడిచే గేమ్. ఎస్ఎస్‌డీ వేసినా అంతే. ఆ పని ప్రాసెసర్‌ది, గ్రాఫిక్స్‌ది.

3. ఖరీదైనది వద్దు. మొదటి మోడల్‌లో డిస్క్ తగిలే కనెక్షన్ సాటా 2, సెకనుకు 3 గిగాబిట్లకు మించి పోదు. సాటా 3 ఉన్నది ప్రో మోడల్‌లో. మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ చాలు. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ ఇందులో పట్టదు.

4. సేవ్‌లు, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైళ్లు, ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. నేను తీయలేదు. పాత డిస్కులో ఉన్నాయిగా, తర్వాత తీసుకుందాం అనుకున్నాను. దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయమంది, చేసేశాను. పీఎస్4 తన డిస్కును తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేస్తుందనీ, కంప్యూటర్‌కి అది ఖాళీ డిస్కులా కనిపిస్తుందనీ అప్పటికి నాకు తెలియదు. తిరిగి పీఎస్4లోనే బిగించి ఉంటే అన్నీ దొరికేవి. రెండేళ్ల ఆట పోయింది. "పర్లేదు తాతయ్యా, మళ్లీ మొదట్నుంచి ఆడతా" అన్నాడు వాడు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

5. విప్పడానికి భయపడక్కర్లేదు. యజమానే డిస్క్ మార్చుకునేలా సోనీ దీన్ని తయారుచేసింది. చాలా మంచి పని అది. మూత జరిపితే వస్తుంది, డిస్కును పట్టి ఉంచే పెద్ద స్క్రూ ఒకటే. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మాత్రం పూర్తి ఇన్‌స్టాలేషన్ ఫైలు తెచ్చుకోవాలి. దాదాపు ఒక జీబీ ఉంటుంది. చిన్న అప్‌డేట్ ఫైలుతో కొత్త డిస్క్ మేలుకోదు.

6. విప్పడం ఇష్టం లేకపోతే బయట యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ తగిలించండి. 2017లో వచ్చిన 4.50 సాఫ్ట్‌వేర్ నుంచి ఆ వీలుంది. డ్రైవ్ యూఎస్‌బీ 3.0ది, కనీసం 250 జీబీది కావాలి. గేములు అందులోకి పోతాయి, సేవ్‌లు లోపలే ఉంటాయి. రేపు పీఎస్5 కొన్నా ఇదే డ్రైవ్ దానికి తగిలించి పీఎస్4 గేములు ఆడుకోవచ్చు.

మీ అటక మీద కూడా ఒక పీఎస్4 ఉంటే కిందికి దించండి. స్క్రూడ్రైవర్ పట్టే ముందు మీ ఇంటి పిల్లల సేవ్‌లు భద్రం చేయండి.