తెర మీది పడవ, మొగలోని పడవ

బందరు దగ్గరి గిలకలదిండిలో పడవ మేస్త్రీల పని చూస్తూ పెరిగాను. తర్వాత కంప్యూటర్ మీద బోట్ల ఆకృతులు గీయడమే నా వృత్తి అయింది. ఈ దారిలోకి వస్తున్న మన పిల్లల కోసం ఈ ఆరు మాటలు.

1. వంపుకు మూలం చెక్క. పూర్వం ఓడల వంపులు గీయడానికి స్ప్లైన్ అనే సన్నని చెక్కబద్దను వంచి, సీసపు బరువులతో నిలిపేవారు. తక్కువ శ్రమతో ఒదగడం ఆ బద్ద స్వభావం, అందుకే గీత నునుపు. 1946లో షోయెన్‌బర్గ్ అనే గణితవేత్త దాన్ని గణితంలోకి తెచ్చాడు. మీ సాఫ్ట్‌వేర్ వంపుల వెనక ఉన్నది ఆ బద్దే. నునుపును కంటితో తేల్చకండి, వక్రత గ్రాఫ్ చూడండి.

2. తయారుకానిది గీయకండి. గుండుమొన కట్టర్ తన వ్యాసార్థం కన్నా చిన్న లోవంపును కోయలేదు. ఫైబర్ బోటు పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలితే, ఒకే ముక్కగా ఉన్న అచ్చులోంచి బోటు బయటికి రాదు. అచ్చు ఎక్కడ విడదీయాలో గీసేనాడే తేల్చుకోవాలి.

3. బరువునూ గీయండి. వేటకు పోయేటప్పుడు బోటు నిండా డీజిల్, ఐసు. తిరిగొచ్చేటప్పుడు డీజిల్ తగ్గి ఉంటుంది, చేప నిండి ఉంటుంది, డెక్కు మీద తడి వలలుంటాయి. గురుత్వ కేంద్రం మారిపోతుంది. ప్రతి స్థితికీ నిలకడ లెక్క కట్టాలి, అది మనుషుల ప్రాణాల లెక్క. ఇక లోతు సంగతి. పడవలు సముద్రంలోకి దాటే మన మొగ ఇసుకతో మేట వేస్తే బోట్లు పోటు కోసం ఆగాల్సిందే. అందుకని మునక తగ్గిద్దామని వెడల్పు పెంచితే, నీటి నిరోధం పెరిగి బోటు డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఈ రెంటి మధ్య సమతూకం కుదర్చడమే డిజైన్.

4. బోటులో ఒత్తిడి ఎక్కడెంతో కంప్యూటర్ చూపే రంగుల బొమ్మను వెంటనే నమ్మకండి. వరంగల్ ప్రాంతంలో పుట్టిన జె.ఎన్. రెడ్డి గారి ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం 1984లో వచ్చింది, శ్రద్ధగా చదవండి. లెక్క కోసం ఆకృతిని చిన్న ముక్కలుగా విడదీసే మెష్‌ను ఇంకా సన్నగా చేసి మళ్లీ లెక్కించండి. ఒత్తిడి అంకె ఇంకా మారుతోందంటే జవాబు రానట్టే. పదునైన లోపలి మూల దగ్గర అది ఎన్నటికీ నిలవదు. అక్కడ మెష్‌ను కాదు, మూలనే గుండ్రంగా మార్చాలి.

5. చివరి మాట నీటిదే. 1870ల్లో విలియం ఫ్రౌడ్ చిన్న నమూనాలను తొట్టెలో లాగి ఓడలకు ఎదురయ్యే నీటి నిరోధాన్ని అంచనా కట్టాడు. మన విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లోనూ అలాంటి పొడవాటి తొట్టె ఉంది. కంప్యూటర్ లెక్క ఎంత బాగున్నా అలాంటి పరీక్షకు నిలబడాలి.

6. మేస్త్రీ చేతిపనిని కొలిచి దాచండి. చెక్క బోట్ల స్థానంలోకి ఫైబర్ బోట్లు వచ్చేస్తున్నాయి. మొగ లోతునూ అలల తీరునూ ఎరిగి మలిచిన ఆ ఆకృతుల్లో చాలావాటికి కాగితం మీద గీత లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ విద్యార్థులారా, మేస్త్రీల అనుమతితో వాటిని కొలవండి, త్రీడీ మోడళ్లు చేయండి, వాటి మీద ఆ మేస్త్రీల పేరే రాయండి. ఈ పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.